కారణం రాసే గడిలో ఎవరి గొంతు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) నివేదికలో తెలంగాణకు ఎదురుగా 60.7 అని ఉంటుంది. సర్వేకు ముందు అయిదేళ్ళలో పుట్టిన ప్రతి వందమంది పిల్లల్లో అరవై మందికి పైగా సిజేరియన్‌తో పుట్టారని దానర్థం. ఆంధ్రప్రదేశ్‌కు ఆ అంకె 42.4. దేశం మొత్తానికి 21.5. ఇవి మనందరం పేపర్లలో చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేసిన అంకెలే. నేనిక్కడ మాట్లాడదలుచుకున్నది ఆ అంకెల గురించి కూడా కాదు, వాటి పక్కన లేని ఒక మాట గురించి.

ఇదే సర్వే స్త్రీని ఇంకో ఆపరేషన్ గురించి అడుగుతుంది. గర్భసంచి తీసేశారా? తీసేశారంటే ఏ వయసులో, ఎక్కడ, ఎందుకు? ఆ 'ఎందుకు' కింద రక్తస్రావం, గడ్డలు, క్యాన్సర్, గర్భసంచి జారడం అంటూ జవాబుల జాబితా ఉంది. అదే స్త్రీ, అదే పొత్తికడుపు, అదే ప్రశ్నల పుస్తకం. సిజేరియన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోశారా లేదా అని అడుగుతుంది. కోశారంటే ఆ నిర్ణయం నొప్పులు మొదలవక ముందు జరిగిందా, మొదలయ్యాక జరిగిందా అని అడుగుతుంది. అక్కడితో సరి. ఎందుకు కోశారమ్మా అని అడగదు.

ప్రభుత్వానికి నెలనెలా ఆస్పత్రుల నుంచి వెళ్ళే లెక్క ఇంకొకటుంది, హెచ్‌ఎమ్‌ఐఎస్ అంటారు. ఎన్ని కాన్పులు, అందులో ఎన్ని సిజేరియన్లు అని ఆ పట్టికలో నింపాలి. 2017 తర్వాతి నమూనాలో ఇంకో వరస కూడా ఉంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది మధ్య జరిగిన సిజేరియన్లు ఎన్ని? ఆపరేషను థియేటరు రాత్రిపూట పనిచేస్తోందా, మత్తు డాక్టరు అందుబాటులో ఉన్నాడా అన్నది దీంతో తెలుస్తుంది. మంచి ప్రశ్నే, అవసరమైన ప్రశ్నే. కానీ వ్యవస్థ ఇక్కడ తన గురించి తాను తెలుసుకుంటోంది, స్త్రీ గురించి కాదు. కోత ఏ వేళప్పుడు పడిందో ఢిల్లీ దాకా చేరుతుంది, ఎందుకు పడిందో ఊళ్ళోనే ఉండిపోతుంది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, నీకు ఈ పట్టికలతో పనేమిటని నన్ను అడిగినవాళ్ళున్నారు. నా పని చదవడం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ వాక్యంలో కర్త కనబడకుండా పోయింది, ఎక్కడ మౌనం ఉంది అని చూడటమే మాకు నేర్పిన విద్య. కథనీ కవితనీ చదివినట్టే దరఖాస్తునీ చదవొచ్చు. హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆడవాళ్ళు నోటితో చెప్పింది చరిత్రకు ఆధారమేనని నిలబెట్టింది. ఆ తర్వాత ఆరోగ్యం మీద తెచ్చిన పుస్తకానికి 'సవాలక్ష సందేహాలు' అని పేరు పెట్టింది. ఆడదానికి తన ఒంటిమీద సందేహం రావడం హక్కు అని ఆ పేరే చెబుతుంది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసిన తర్వాత ప్రసవం బల్ల తెలుగు కవిత్వంలోకి వచ్చేసింది. బల్ల వచ్చింది గానీ ఆ బల్ల కాళ్ళ దగ్గర వేలాడే కేసు షీటు మీద మన విమర్శ చూపు ఇంకా పడలేదు.

గడి ఖాళీగా ఉంటే ఊరికే ఉండదు. ఎవరో ఒకరు వచ్చి కథ చెబుతారు. మన దగ్గర రెండు కథలు తయారుగా ఉన్నాయి. ఒకటి, డాక్టర్ల డబ్బాశ. రెండు, ఆడవాళ్ళ సుకుమారం. 'ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరు', 'ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకుంటున్నారు', 'మేం పొలంలో పనిచేస్తూనే కనలేదా' వగైరా. 2022లో తెలంగాణలో ముహూర్తపు సిజేరియన్ల మీద ఆరోగ్యమంత్రి స్థాయిలో చర్చ నడిచింది. ముహూర్తాలు లేవని నేననను. మా చుట్టాల్లోనే చూశాను. కానీ ఆ ముహూర్తం ఎవరు పెట్టించారు? కనబోయే మనిషా, మామగారా? పంచాంగం ఎవరి చేతిలో ఉంది? ఆ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. కాగితంలో 'ఉమ్మనీరు తక్కువ' అనో మరొకటో ఉంటుంది. అందుకే ముహూర్తం వల్ల ఇన్ని అని ఎవరు ఏ అంకె చెప్పినా అది గాలిలో అంకే.

డబ్బాశ కథలో నిజం పాలు ఎక్కువే. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇంత మంది ఆడవాళ్ళ ఎముకల నిర్మాణం ఒక్కసారిగా మారిపోయిందని ఎవరూ నమ్మరు. అయితే తెలంగాణ ప్రభుత్వాస్పత్రుల్లో కూడా 44.5 శాతం ఉంది కదా. అక్కడ బిల్లు లేదు. మరి అక్కడ కారణమేమిటి? దగ్గరుండి నొప్పులు పట్టించే మంత్రసానితనం తెలిసిన నర్సులు లేకపోవడమా, ఒకే డాక్టరు మీద అరవై మంది పడటమా, ఏదైనా జరిగితే బంధువులు మీదపడతారన్న భయమా, కింది ఆస్పత్రులు చేతులు దులుపుకుని పైకి పంపడమా, ముందటి కాన్పు కోతేనా? ఇవన్నీ కారణాలే. వీటి మందు మాత్రం ఒకటి కాదు. తెలంగాణలో 2017 నుంచి కరీంనగర్‌లో మొదలుపెట్టి మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. అది మొదటి కారణానికి మందు. మిగతా వాటికి అది పనిచెయ్యదు. ఏ రోగానికి ఏ మందో తెలియాలంటే ముందు రోగం పేరు రాయాలి.

పత్రికల వాళ్ళు దీనికి 'కడుపు కోతలు' అని శీర్షిక పెట్టడం కూడా నాకు మింగుడు పడదు. మన భాషలో కడుపుకోత అంటే బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం. బిడ్డ బతికి తల్లి పక్కలో ఉన్నప్పుడు దాన్ని కడుపుకోత అంటున్నాం. శీర్షిక రాసినాయన చమత్కారానికి ఇంట్లో కుట్లు మానుతున్న మనిషి ఏమనుకుంటుందో ఆలోచించినట్టు లేదు.

కారణం అసలెక్కడా రాయరా అంటే, రాస్తారు. ప్రతి కేసు షీటులోనూ 'ఇండికేషన్' అని ఒక గడి ఉంటుంది. అక్కడి నుంచి డిశ్చార్జి కాగితంలోకి ఒక వాక్యంగా వస్తుంది. మా ఇంట్లో పెట్టెలో ఉన్న అలాంటి కాగితాలు వాళ్ళ వాళ్ళ అనుమతితో ముందేసుకుని చదివాను. నాది, మా వదినవి రెండు, మా పిన్ని కూతురిది, మేనత్త కోడలిది. అయిదు కాగితాలతో సిద్ధాంతాలు చెయ్యకూడదని నాకు తెలుసు. అయిదు కవితలతో మాత్రం ఒక శైలి తెలుస్తుంది.

ఆ శైలి ఇలా ఉంటుంది: 'ఎమర్జెన్సీ ఎల్‌ఎస్‌సీఎస్ డన్ ఇన్ వ్యూ ఆఫ్ సీపీడీ.' ఈ 'ఇన్ వ్యూ ఆఫ్'ని కూడా మూడు అక్షరాలకు కుదించి మధ్యలో గీతలు పెడతారు. వాక్యంలో కోసినవాళ్ళు లేరు. కోయించుకున్న మనిషీ లేదు. పని మాత్రం జరిగిపోయింది. 'సీపీడీ' అంటే బిడ్డ తలకూ తల్లి కటికీ కొలత కుదరకపోవడం. 'ఫెయిల్డ్ ఇండక్షన్' అంటే నొప్పులకు మందిచ్చినా రాకపోవడం. 'నాన్ ప్రోగ్రెస్ ఆఫ్ లేబర్' అంటే నొప్పులు ముందుకు సాగకపోవడం. 'ఫీటల్ డిస్ట్రెస్' అంటే లోపల బిడ్డకు ఇబ్బంది కలగడం. మందు పనిచెయ్యకపోతే ఫెయిలయింది మందు అనాలి కదా, కాన్పు ఫెయిలయింది అన్నట్టు రాస్తారు. ఎమిలీ మార్టిన్ 1987లో 'ది ఉమన్ ఇన్ ద బాడీ'లో ఈ భాషను పట్టుకుంది. వైద్యశాస్త్రం గర్భాశయాన్ని యంత్రంలా, ప్రసవాన్ని ఉత్పత్తిలా, డాక్టర్ని దాన్ని నడిపించే మేనేజర్‌లా మాట్లాడుతుందని చెప్పింది. యంత్రం ఆగిపోతే మేనేజరు జోక్యం చేసుకుంటాడు. యంత్రాన్ని ఎందుకాగావని ఎవరూ అడగరు.

నా కాగితంలో ఉన్నది సీపీడీయే. నేను ప్రసవించింది 2017లో, ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆస్పత్రిలో. గడువు తేదీకి ఇంకా నాలుగు రోజులుంది. నొప్పులు మొదలవలేదు. బాబు రెండు కిలోల ఆరువందల గ్రాములు. బిడ్డ తల కిందికే ఉన్నప్పుడు ఆ తలకు దారి సరిపోతుందో లేదో చాలావరకు నొప్పులు వచ్చాక, కొంతసేపు చూశాకే తేలుతుందని ఆ తర్వాత ప్రసూతి శాస్త్రం పుస్తకంలో చదివాను. నొప్పులే రానిదానికి కొలత ఎలా కుదరలేదో ఆ కాగితం చెప్పదు. నాకు ఆపరేషను అవసరమే లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. అవసరమేమో, కాదేమో, ఆ మూడక్షరాల వల్ల నాకు గానీ మరొకరికి గానీ తెలిసే మార్గం లేదు. అంగీకార పత్రం మీద కాగితం నిండా 'నేను' ఉంది. నాకన్నీ వివరంగా చెప్పారనీ, అర్థం చేసుకున్నాననీ, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాననీ ఆ నేను ఇంగ్లీషులో చెబుతుంది. కింద సంతకం మా ఆయనది. ఉత్తమ పురుషలో రాసిన పాఠం మీద ఇంతకన్నా పెద్ద ప్రశ్న నేను నా థీసిస్ మొత్తంలో ఎదుర్కోలేదు.

మా వదిన మొదటి కాగితంలో ఉమ్మనీరు తక్కువ అని ఉంది. రెండోదాంట్లో 'ప్రీవియస్ ఎల్‌ఎస్‌సీఎస్', అంటే ముందు కోసారు గనుక ఇప్పుడూ కోసాం అని. వైద్యపరంగా అది చెల్లే కారణమే. పాత కుట్టు మీద నొప్పులు రానివ్వడంలో కొంత ప్రమాదం ఉంది. చాలామంది రెండోసారి మామూలుగా కనగలరు గానీ దానికి తగిన ఏర్పాట్లుండాలి, కనిపెట్టుకుని ఉండే మనుషులుండాలి. అయితే పాఠంగా చూడండి. మొదటి కోతకి ఏం కారణముందో అది రెండో కాగితంలో లేదు. మొదటి కోతే రెండోదానికి కారణమైపోయింది. మూడోది జరిగితే దానికీ ఇదే మాట సరిపోతుంది. మొదటిసారి అనవసరంగా కోసి ఉంటే, ఆ అనవసరం రెండోసారికి అవసరంగా మారి లెక్కల్లోకి ఎక్కుతుంది. సిజేరియన్లు ఎక్కువగా ఉన్నచోట్ల అందులో పెద్ద వాటా ఈ పాతకోతలదే. కనుక మొదటి కాన్పు కారణం సరిగ్గా రాయకపోతే ఆ తర్వాత రాసే కారణాలకు విలువ లేదు.

ఈ గడిలో రాసే మాటల్లో స్త్రీ కర్తగా కనిపించేది నాకు తెలిసి ఒక్కదాంట్లోనే: 'మెటర్నల్ రిక్వెస్ట్', తల్లి కోరిక. మిగతా వాటిలో కటి చిన్నది, నీరు తక్కువ, నొప్పులు సాగలేదు, బిడ్డ అలసిపోయింది. మనిషి ముక్కలుగానే ఉంటుంది. ఆమె నోరు తెరిచి అడిగినట్టు రాసేది ఇక్కడొక్కచోటే, అదీ తప్పు ఎవరిదో చెప్పవలసి వచ్చినప్పుడు. నొప్పి భరించలేక పదహారు గంటల తర్వాత 'ఆపరేషనన్నా చేసెయ్యండి' అని ఏడ్చిన పిల్లది కోరికేనా? నొప్పి తెలియకుండా చేసే ఇంజక్షను ఇక్కడ లేదన్నారు, పక్కన తోడుగా అమ్మను ఉండనివ్వలేదు, అరిస్తే తొడమీద కొట్టారు. అప్పుడు అడిగింది. ఈ ముగ్గురు మాటల వాక్యంలో కారణం ఏది, కోరిక ఏది? ఒకమ్మాయి శాంతంగా కూర్చుని, అన్నీ తెలుసుకుని, నాకు ఆపరేషనే కావాలి అంటే అదీ ఆమె హక్కేనని నేననుకుంటాను. ఈ ఇద్దరినీ ఒకే గడిలో కుక్కడం మాత్రం కుదరదు.

ఇప్పుడు ఆడవాళ్ళు ఎలా చెబుతారో వినండి. బాలింతను చూడటానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వినే మాటలే. 'నీళ్ళు తక్కువున్నయన్నరు.' 'పేగు మెడకు సుట్టుకున్నదన్నరు.' మా కృష్ణా జిల్లా చుట్టాలైతే, 'ఉమ్మనీరు తాగేశాడంట', 'లోపలే దొడ్డికి వెళ్ళాడంట.' క్రియ చివర ఆ 'అన్నరు', ఆ 'అంట' గమనించారా? తన కడుపులో జరిగిన సంగతిని పక్కూరి వార్తలా చెబుతోంది. తెలుగులో చూసిందానికి, విన్నదానికి తేడా క్రియలోనే తెలిసిపోతుంది. తొమ్మిది నెలలు మోసిన మనిషి తన కాన్పు గురించి 'అంట' అనే అంటుంది. తాను స్వయంగా ఎరిగినవి కూడా చెబుతుంది, వాటికి 'అంట' ఉండదు: 'పొద్దున్నుంచి ఏం తిననియ్యలే', 'డాక్టరమ్మ సాయంత్రం ఊరికి పోవాల్నని సిస్టరు అనుకుంట పోయింది', 'గా రోజు మనిద్దరికే థియేటర్ ఖాళీ లేదు.' కేసు షీటుకు ఎక్కేది 'అంట'తో చెప్పిన భాగం. 'అంట' లేకుండా చెప్పింది ఎక్కడికీ ఎక్కదు.

పేగు మెడకు చుట్టుకోవడం సంగతే చూడండి. పుట్టే పిల్లల్లో నలుగురైదుగురిలో ఒకరికి అది ఉంటుంది. ఎక్కువమంది ఏ హానీ లేకుండా మామూలుగానే పుడతారు. కానీ మెడకు తాడు అనగానే ఏ తల్లి గుండె నిలుస్తుంది? ఆ మాటకు ఎదురు మాట లేదు. సంతకం పెట్టక ఏం చేస్తారు?

ఇక్కడ నేను ఒక బలమైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. కారణాలు రాయించడం దండగ అనేవాళ్ళు వైద్యుల్లోనే ఉన్నారు, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఐర్లండ్‌కు చెందిన ప్రసూతి వైద్యుడు మైకేల్ రాబ్సన్ 2001లో ప్రచురించిన వర్గీకరణ కారణాన్ని అసలు పట్టించుకోదు. కాన్పుకు వచ్చిన ప్రతి స్త్రీనీ పది గుంపుల్లో ఒకదాంట్లో పెడుతుంది. ఇది మొదటి కాన్పా, పాత కోత ఉందా, నెలలు నిండాయా, బిడ్డ తల కిందికుందా, ఒకరా కవలలా, నొప్పులు వాటంతటవే వచ్చాయా, మందుతో తెప్పించారా, రాకముందే కోశారా. అంతే. వీటిలో దేన్నీ ఎవరూ మార్చి రాయలేరు. కారణం అన్నది కోసిన చెయ్యే కోత తర్వాత రాసుకునేది, ఒక్కో డాక్టరు ఒక్కోలా రాస్తారు, ఒకరికే నాలుగు కారణాలుంటాయి, లెక్కకు నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతినే అన్ని దేశాలూ వాడాలని చెప్పింది. 1985 నుంచి అందరి నోళ్ళలో నానిన పది పదిహేను శాతం అన్న గీతను పట్టుకుని వేలాడవద్దని, అవసరమైన ప్రతి స్త్రీకీ సిజేరియన్ అందేలా చూడటమే ముఖ్యమని కూడా అప్పుడే చెప్పింది.

ఈ వాదన నాకు నచ్చింది. నన్ను రెండో గుంపులో పెడతారు: మొదటి కాన్పు, నెలలు నిండాయి, తల కిందికి, నొప్పులు రాకముందే కోత. 'సీపీడీ' దాచిన సంగతిని ఈ వర్గీకరణ ఒక్క గీతలో బయటపెట్టేసింది. ఒక ఆస్పత్రిలో ఆ గడిలో వందల మంది తేలితే, వాళ్ళ కేసు షీట్లలో ఏం రాసి ఉన్నా సమాధానం చెప్పుకోవలసిందే. విమర్శకురాలిగా నేను రాబ్సన్‌కు టోపీ తీస్తాను అనేదాన్ని, మన దగ్గర టోపీలు లేవు గనుక నమస్కారం పెడతాను. మన రాష్ట్రాల్లో ప్రతి ప్రైవేటు ఆస్పత్రీ ఈ పది గుంపుల లెక్కను గోడమీద పెట్టాలని నేను గట్టిగా కోరతాను. 2017లో ముంబయికి చెందిన సుబర్ణా ఘోష్ లక్షలాది సంతకాలతో అడిగింది కూడా ఆస్పత్రులు తమ సిజేరియన్ల లెక్క బయటపెట్టాలనే.

అయినా నా సందేహం తీరలేదు. డాక్టరు రాసే కారణం నమ్మదగింది కాదు కనుక కారణమే వద్దనుకోవడం ఒక పరిష్కారం. స్త్రీని కూడా అడగడం ఇంకో పరిష్కారం. లెక్కలవాళ్ళకు ఈ రెండోది ఎందుకు తట్టదు? ఆమెకు వైద్యం తెలియదు, సరిగ్గా చెప్పలేదు అంటారు. మరి గర్భసంచి విషయంలో ఎలా చెప్పగలిగింది? ఆ ప్రశ్నకు సగానికి పైగా స్త్రీలు రక్తస్రావమో నొప్పో కారణమని చెప్పారు. గర్భసంచి తీయించుకున్న వాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్ర, తెలంగాణల్లోనే. అయిదో విడత సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో వందకు ఎనిమిది మందికి పైన. చిన్నవయసులో, మందులతో తగ్గే బాధకి, సంచి తీసేస్తున్నారన్న మాట ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ఆడవాళ్ళ నోటి జవాబులు పట్టికల్లోకి ఎక్కాక ఆ మాటకు బలం వచ్చింది. బీహార్, చత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్పు ఒక్క సర్వే ప్రశ్న వల్ల వచ్చిందని కాదు. ఎందుకు అని అడగదగ్గ ఆపరేషన్ అది అని సమాజం ఒప్పుకుంది, అంతే. సిజేరియన్ విషయంలో ఆ ఒప్పుకోలు ఇంకా రాలేదు. బిడ్డ చేతికొచ్చింది కదా, ఇంకా ఎందుకు అని అడుగుతావేమిటని మన ఇళ్ళలో కూడా అంటారు. గర్భసంచి పోయిన చోట ఏమీ రాలేదు కనుక ప్రశ్నకు చోటు మిగిలింది. ఇక్కడ బిడ్డ ఆ చోటు నింపేసింది.

కారణం లేని అంకెతో ఇంకో ప్రమాదముంది. అంకె ఎక్కువైతే దాన్ని తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. మామూలు కాన్పు చేయిస్తే సిబ్బందికి ప్రోత్సాహకం ఇస్తామంటారు, శాతం పెరిగితే సంజాయిషీ అడుగుతారు. తెలంగాణలో ఇవన్నీ చూశాం. ఆ ఒత్తిడి ఎవరి ఒంటిమీద పడుతుంది? డబ్బు కట్టి ప్రైవేటుకు వెళ్ళగలిగే మనిషి మీద కాదు, సర్కారు దవాఖానా బల్లమీద ఉన్న దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీ మీద. కోయవలసిన సమయంలో ఇంకాసేపు చూద్దాం అంటారు. కరీంనగర్ జిల్లాలో సిజేరియన్లు ఎనభై శాతం దాటాయని అదే సర్వే చెబితే, కుమ్రం భీం ఆసిఫాబాద్‌లో అందులో సగం కూడా లేవు. ఆసిఫాబాద్ ఆడవాళ్ళు అదృష్టవంతులని దీన్నిబట్టి అనగలమా? అక్కడ కోత తప్పిన వాళ్ళెందరో, కోత అందక పోయినవాళ్ళెందరో ఆ అంకె చెప్పదు. బీహార్‌లో 9.7 శాతం. అది కూడా సంబరపడే అంకె కాదు. మా అమ్మమ్మ చెల్లెలు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగి, ఎడ్లబండి మీద బెజవాడ చేరకుండానే పోయిందని మా ఇంట్లో చెబుతారు. ఆమెకు లేని కత్తి గురించి, నాకు అవసరానికి ముందే దొరికిన కత్తి గురించి ఒకే వాక్యంలో మాట్లాడగలిగే భాష మనకు కావాలి. శాతం ఆ భాష కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో ఒకటి నాకు సాహిత్యపరంగా కూడా ఆసక్తిగా అనిపించింది. సిజేరియన్ చెయ్యాలనుకున్న డాక్టరు, వీలున్నచోట, ఇంకో డాక్టరు అభిప్రాయం తప్పనిసరిగా తీసుకోవాలి. అంటే కారణాన్ని కోయకముందే, ఎదురు ప్రశ్న వెయ్యగల మనిషితో, నోరు తెరిచి చెప్పాలి. కోసిన తర్వాత ఒంటరిగా గడి నింపడానికీ దీనికీ ఎంత తేడా! నేను అడిగేది ఆ రెండో మనిషి స్త్రీ కూడా కావాలని. కారణం ఆమెకు ఆమె భాషలో ముందు చెప్పాలి, డిశ్చార్జి కాగితంలో తెలుగులోనో ఉర్దూలోనో గోండిలోనో పూర్తి వాక్యంగా రాయాలి, ఎవరు నిర్ణయించారో కర్తతో సహా. ఎప్పుడు చెప్పారో గంటతో సహా. రాత్రి ఎనిమిది, పొద్దున ఎనిమిది అని రాయగలిగిన వ్యవస్థకు ఇది కష్టం కాదు.

సర్వేలో ఆ ప్రశ్న చేరుస్తామని రేపు ఎవరైనా అంటే తెలుగులో దాన్నెలా అడగాలని నాలో నేను రాసుకుని చూశాను. 'మీకెందుకు ఆపరేషన్ చేశారు?' అంటే ఆమె 'నీళ్ళు తక్కువయ్యాయి' అంటుంది, కేసు షీటు మాటే మళ్ళీ మనకు తిరిగొస్తుంది. 'ఎందుకు చేస్తున్నామని మీకు చెప్పారు?' అంటే ఆ 'అంట' బయటపడుతుంది, చెప్పనే లేదన్న జవాబుకు కూడా చోటుంటుంది. 'ఎందుకు చేశారని మీరనుకుంటున్నారు?' అని మూడోది. దీనికి జవాబు ముందే అచ్చువేసిన జాబితాలో ఇమడదు, పక్కన రెండు మూడు ఖాళీ గీతలు వదలాలి. మా వదినను ఈ మూడూ వరసగా అడిగాను. మొదటి రెండింటికీ టకటకా చెప్పింది. మూడోదానికి పొయ్యి మీది పాలు దించి వచ్చి, కూర్చుని, 'ఇది ఇన్నేళ్ళల్ల నన్నెవరూ అడగలే' అంది. ఆ తర్వాత ఆమె చెప్పింది నా నోటుబుక్కులో నాలుగు పేజీలొచ్చింది.